బోనాలకి మిగిలిన బగారా అన్నం, మటన్ కూర – ఓటీజీలో పెట్టి రాత్రికి కొత్త వంటకంగా చెయ్యొచ్చా?

కూకట్‌పల్లి_కోడలు

అందరికీ నమస్తే. నిన్న మా ఇంట్లో బోనాలు చేశాం. వాన పట్టుకోవడంతో రావాల్సిన చుట్టాల్లో కొన్ని కుటుంబాలు రాలేకపోయాయి, వంట మాత్రం అందరూ వస్తారనే చేశాం కదా, ఇప్పుడు ఫ్రిజ్ తలుపు పడట్లేదు. మిగిలినవి ఏంటంటే బగారా అన్నం పెద్ద స్టీలు డబ్బా నిండా, మటన్ కూరలో ముక్కలు కొన్నే గానీ గ్రేవీ మాత్రం బాగా ఉంది, కొంచెం దొండకాయ వేపుడు, పెరుగు చట్నీ, ఏడెనిమిది చపాతీలు, సగం బ్రెడ్ ప్యాకెట్.

ఇవాళ బోనాల సెలవు కాబట్టి పిల్లలు ఇంట్లోనే ఉన్నారు, మధ్యాహ్నం కావాల్సినంత తీసి వేడి చేసి పెడితే మళ్ళీ ఇదేనా అని రెండు ముద్దలు తిని లేచిపోయారు. పారెయ్యడానికి మాత్రం మనసు ఒప్పట్లేదండి, అమ్మవారికి నైవేద్యం పెట్టిన రోజు వంట, మా అత్తగారు పొద్దున్నే లేచి దగ్గరుండి మసాలా నూరించారు. ఊరికే వేడి చేసి పెట్టడం కాకుండా పూర్తిగా ఇంకో వంటకం అనిపించేలా చెయ్యాలని నా ఆలోచన. బయట వాన ఆగట్లేదు, ఓవెన్‌లోంచి పొగలు కక్కుతూ తీసి టేబుల్ మధ్యలో పెడితే అందరూ గరిటెతో తవ్వుకుని వడ్డించుకునేలా ఉండాలి.

నా దగ్గర 28 లీటర్ల ఓటీజీ ఉంది, ఇప్పటిదాకా కేకులు, బిస్కెట్లు తప్ప భోజనం ఏదీ అందులో చెయ్యలేదు. అన్నం ఓవెన్‌లో పెడితే ఎండిపోయి గింజ గట్టిపడదా? ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు? స్టీలు గిన్నె పెట్టొచ్చా, గాజుదే కావాలా? మటన్ ఎముకలతోనే వెయ్యొచ్చా? ఇంకో చిక్కు, పిల్లలకి చీజ్ లేనిదే ముద్ద దిగదు, మా అత్తగారు వరంగల్ మనిషి, ఆవిడకి పాల సాసులు అస్సలు పడవు. ఇద్దరికీ కుదిరేలా చెప్పండి ప్లీజ్.

సైనిక్‌పురి_పిన్ని

అమ్మాయ్, పారెయ్యకు, నీ దగ్గర ఉన్నవాటితో చక్కటి బేక్ అవుతుంది. ముందు అన్నం సంగతి చెప్తాను, అదే ముఖ్యం. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గట్టిపడేది నీళ్ళు ఎగిరిపోయి కాదు, లోపల గంజి పదార్థం చల్లబడి మళ్ళీ బిగుసుకుంటుంది అందుకు. వేడి తగిలితే తిరిగి మెత్తబడుతుంది, కాకపోతే ఓవెన్‌లో ఉండేది పొడి వేడి కాబట్టి మనం తడి ఎక్కువ ఇవ్వాలి, పైన మూత ఉండాలి. ఈ రెండూ చూసుకుంటే గింజ గట్టిపడే ప్రశ్నే లేదు.

మటన్ కూర గిన్నె ఫ్రిజ్‌లోంచి తీశాక చూడు, పైన తెల్లగా కొవ్వు పేరుకుని ఉంటుంది. దాన్ని చెంచాతో పెళ్ళలు పెళ్ళలుగా తీసి పక్కన పెట్టుకో, పారెయ్యకు, దాంతో పని ఉంది. ముక్కల నుంచి కండ విడదీసి చేత్తో పీచులు పీచులుగా చెయ్యి, చల్లగా ఉన్నప్పుడు సులువుగా వస్తుంది. ఎముకలు బేక్‌లో వద్దు, పిల్లలు తింటుంటే చిన్న ముక్కలు నోట్లోకి వస్తాయి. ఆ ఎముకల్ని గ్రేవీలోనే వేసి ఒక గ్లాసు నీళ్ళు పోసి ఓ పావుగంట మరిగించి వడకట్టు, గ్రేవీ పలచబడుతుంది, రుచీ పెరుగుతుంది. ఆ గ్రేవీ చారుకి కాస్త చిక్కగా, మామూలు కూర పులుసుకి కాస్త పలచగా ఉండాలి. చూడ్డానికి ఎక్కువైందేమో అనిపిస్తుంది గానీ అన్నం మొత్తం పీల్చేసుకుంటుంది. మూడు కప్పుల అన్నానికి కప్పున్నర గ్రేవీ దాకా పోస్తాను నేను.

అన్నంలో ఉండలు తడిచేత్తో విడగొట్టు, గట్టిగా నొక్కితే బాస్మతి విరిగిపోతుంది జాగ్రత్త. గిన్నెకి నెయ్యి రాసి సగం అన్నం పరిచి, మీద మటన్ పీచులు, దొండకాయ వేపుడు సన్నగా తరిగి చల్లి, గ్రేవీ సగం పోసి, మిగతా అన్నం, మిగతా గ్రేవీ. ఇక పైపొర. అత్తగారి సంగతి అంటున్నావు కదా, రెండు చిన్న గిన్నెల్లో సర్దెయ్, లోపలంతా ఒకటే, పైన మాత్రం వేరు. పిల్లల దానికి వైట్ సాస్, రెండు పెద్ద చెంచాల వెన్న కరిగించి రెండు పెద్ద చెంచాల మైదా వేసి రంగు మారకుండా పచ్చివాసన పోయేదాకా వేపి, రెండు కప్పుల పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండ కట్టకుండా తిప్పుతూ ఉడికించు, మిరియాల పొడి, జాజికాయ రెండు గీతలు గీరి వెయ్యి. గ్రేవీలో ఉప్పుంది, చీజ్‌లోనూ ఉంటుంది, కాబట్టి సాస్‌లో ఉప్పు చిటికెడు మించకు. అత్తగారి గిన్నె మీదకి బ్రెడ్ ముక్కలు మిక్సీలో ఒక్కసారి బరకగా తిప్పి, పక్కన పెట్టిన ఆ మటన్ కొవ్వు కరిగించి అందులో కలిపి, కొత్తిమీర, పచ్చిమిర్చి సన్నగా తరిగి వేసి పరిచెయ్యి. ఓవెన్‌లో అది కరకరలాడుతుంది చూడు, అంత మటన్ వాసన ఏ చీజ్‌కీ రాదు.

ఓటీజీ 190 దగ్గర రెండు రాడ్లూ ఆన్ చేసి 10 నిమిషాలు ముందే వేడెక్కనివ్వు. మధ్య అరలో పెట్టి, ఫాయిల్ బిగించి 20 నుంచి 25 నిమిషాలు. ఫాయిల్ తీసి ఇంకో 10. రంగు చాలకపోతే పై రాడ్ ఒక్కటే పెట్టి అక్కడే నిలబడి చూడు, ఆ దశలో బంగారు రంగుకీ మాడుకీ మధ్య రెండు నిమిషాలే తేడా. తీశాక పది నిమిషాలు ఆగి వడ్డించు, అప్పటికి పొరలు కుదురుకుంటాయి.

ఫుడ్‌ల్యాబ్_ఉప్పల్

పిన్నిగారి పద్ధతి బాగుంది, కానీ మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకోండి. నేను ఫుడ్ మైక్రోబయాలజీ లైన్‌లో పని చేస్తాను, ప్రతి ఫంక్షన్ సీజన్‌లో మా చుట్టాలందరికీ చెప్పే మాటే ఇక్కడా చెప్తున్నా. ఆ అన్నం వండాక ఎంతసేపటికి ఫ్రిజ్‌లోకి వెళ్ళింది?

ఎందుకు అడుగుతున్నానంటే బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు ఉంటాయి, అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉండిపోతే మొలకెత్తి పెరిగి విషం తయారుచేస్తాయి. వాంతులు చేయించే ఆ విషం వేడికి లొంగదు, మీరు 190 కాదు 230లో పెట్టినా అలాగే ఉంటుంది. మళ్ళీ బాగా వేడి చేస్తే అన్నీ పోతాయి అని మన ఇళ్ళల్లో గట్టిగా నమ్ముతారు, అన్నం విషయంలో ఆ నమ్మకం ప్రమాదం. వాసనలో తేడా తెలుస్తుందిలే అనుకోవడానికి కూడా లేదు, తెలియకపోవచ్చు.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియాకి పండగ. వండిన అన్నం, మాంసం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి పోవాలి, గదిలోనే 32 దాటిన ఎండ ఉంటే గంటలోపు. ఇంకో మాట, పెద్ద బగోనతో అలాగే ఫ్రిజ్‌లో తోసేస్తే పైన చల్లబడుతుంది గానీ మధ్యలో చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది. వెడల్పు పళ్ళేల్లో రెండు అంగుళాల మందానికి మించకుండా పరిచి, ఆవిరి తగ్గగానే లోపల పెట్టడం మంచిది. అన్నం ఒక రోజులో వాడెయ్యాలి, మటన్ కూర మూడు నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉంటుంది. అంటే అన్నం వరకు మీకు ఇవాళ రాత్రే ఆఖరు.

బేక్ చేశాక మధ్యభాగం కనీసం 74 డిగ్రీలు రావాలి. థర్మామీటర్ లేకపోతే స్టీలు కత్తి మధ్యలోకి అడుగుదాకా గుచ్చి, కాసేపు ఉంచి తీసి ముట్టుకుంటే చురుక్కుమనాలి. అంచుల్లో బుడగలు వస్తే సరిపోదు, మధ్యలో కూడా రావాలి. ఈ బేక్ మళ్ళీ మిగిలితే దాన్ని ఇంకోసారి వేడి చెయ్యకండి, అందుకే తినేంతే పెట్టండి.

కూకట్‌పల్లి_కోడలు

థాంక్యూ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం వండిన బగోన మొత్తం అయిపోయింది, చివర్లో ఉన్నది వాచ్‌మెన్ వాళ్ళకి, పక్కింటివాళ్ళకి వేడిగా ఉండగానే ఇచ్చేశాం. ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉన్నది సాయంత్రం ఏడింటికి రెండోసారి వండింది, చుట్టాలు రాలేమని ఫోన్ చెయ్యగానే తొమ్మిది లోపు సర్దేశాను. వెడల్పు పళ్ళెంలో చల్లార్చే డబ్బాలోకి తీశా. కరెంటు కూడా పోలేదు. ఇది ఓకేనా?

మా అత్తగారు పక్కనే కూర్చుని ఇదంతా చదివించుకుంటున్నారు, మేము చిన్నప్పుడు రాత్రి అన్నం కుండలో పెట్టుకుని పొద్దున తిన్నాం, అప్పుడు ఏ రోగాలూ లేవు కదా అని అడగమంటున్నారు.

ఫుడ్‌ల్యాబ్_ఉప్పల్

ఏడింటికి వండి తొమ్మిదిలోపు ఫ్రిజ్‌లో అంటే బాగుంది, ఇవాళ రాత్రి నిశ్చింతగా వాడుకోండి. అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. చద్దన్నం వేరు అండి, అందులో నీళ్ళు పోసి, మజ్జిగ చుక్క వేసి పులియబెడతారు, లాక్టిక్ ఆమ్లం తయారై పులుపెక్కుతుంది, ఆ పులుపులో చెడ్డ బ్యాక్టీరియా పెరగడం కష్టం. పొడిగా, నెయ్యి మసాలాలతో ఉన్న బగారా అన్నానికి ఆ కాపలా ఉండదు. పెద్దవాళ్ళ పద్ధతి ఆ వంటకి సరైనదే, దాన్ని తెచ్చి ఈ అన్నానికి పెట్టలేం.

మలక్‌పేట్_భాయి

అందరికీ నమస్తే. పిన్నిగారు చెప్పింది మంచిగనే ఉంది కానీ బగారా అన్నం మీద పాల సాసు పొయ్యాలంటే నాకు మనసొప్పుతలేదు. షాజీరా, లవంగాలు, పుదీనా, వేయించిన ఉల్లిగడ్డ, ఆ వాసనే దానికి ప్రాణం, పాలు మైదా పోస్తే అంతా కప్పేస్తది. మా ఇంట్ల మిగిలిన బగారాకి పెరుగు వాడుతం. మా అమ్మ ఎప్పుడో మొదలుపెట్టింది, ఇప్పుడు నేను ఓవెన్ల చేస్తున్న.

ఒక కప్పు గట్టి పెరుగు, పుల్లది గాకుండ, రెండు చెంచాల శనగపిండి, అర కప్పు ఆ మటన్ గ్రేవీనే, మూడు మంచిగ గిలక్కొట్టాలె. ఉత్త పెరుగు వేడికి విరుగుతది, నీళ్ళు ఓ దిక్కు ముద్దలు ఓ దిక్కు అయితయి, శనగపిండి కలిపితే విరగదు. స్టౌ మీద సన్నమంట మీద కలుపుకుంట చిక్కబడేదాక, పిండి పచ్చివాసన పోయేదాక ఉంచాలె. దాంట్ల పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి, సగం నిమ్మకాయ. అన్నం పొర, మటన్ పొర, ఈ పెరుగు పొర, మళ్ళ అన్నం. పైన వేయించిన ఉల్లిగడ్డ, గోరువెచ్చటి పాలల్ల కుంకుమపువ్వు ఉంటే ఆ పాలు రెండు చెంచాలు, నెయ్యి. మూత ఉన్న గిన్నె అయితే చపాతీ పిండి తాడులెక్క చేసి అంచుకి అంటించి మూత అదిమి, 180 డిగ్రీల్ల అరగంట. ఆవిరి ఎటూ పోదు, అన్నం ఒక్కో గింజ లేస్తది. మూత తీసినప్పుడు ఇల్లంతా వాసన వస్తది చూడండి, వాన కురిసే రాత్రి ఇంకేం కావాలె. మీ అత్తగారి గిన్నెకి ఇది చెయ్యండి, ఆమెకి తప్పకుండ నచ్చుతది, నాది గ్యారంటీ.

మీ పెరుగు చట్నీ మాత్రం ఓవెన్ల పెట్టొద్దు, ఉల్లిగడ్డ నీళ్ళు విడిచి పాడైతది. అది చల్లగ పక్కన పెట్టుకుని తినాలె.

బేగంపేట్_బేకర్

గిన్నె గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. ఓటీజీలో స్టీలు గిన్నె భేషుగ్గా పెట్టొచ్చు, ప్లాస్టిక్ పిడి, రబ్బరు రింగు లేకుండా చూసుకుంటే చాలు. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్నది తీసుకోండి, ఎందుకంటే అందరూ కొట్టుకునేది ఆ పై కరకర పొర కోసమే, లోతు గిన్నెలో అది ఒక్కొక్కరికీ ఒక్క ముక్క కూడా రాదు. గాజు గిన్నె అయితే ఓవెన్‌కి పనికొచ్చేదా కాదా అని అడుగున చూసుకోండి, పనికొచ్చేదైనా సరే ఫ్రిజ్‌లోంచి తీసినది తీసినట్టు వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగిలే ప్రమాదం ఉంది. ఉత్త అల్యూమినియం కేక్ టిన్నులో మాత్రం భాయి చెప్పిన పెరుగు నిమ్మకాయ లాంటి పులుపు పదార్థాలు పెట్టొద్దు, పులుపు ఆ లోహాన్ని తింటుంది, పెట్టాల్సి వస్తే బేకింగ్ పేపర్ పరవండి. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరిదైనా కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే స్టీలు గిన్నె కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే, మైక్రో మోడ్‌లో కానీ కాంబీలో కానీ పెట్టకూడదు.

చీజ్ సంగతి. స్లైసుల్లో, క్యూబుల్లో దొరికే ప్రాసెస్డ్ చీజ్ నున్నగా కరుగుతుంది గానీ సాగదు, అది సాస్‌లో కలపడానికి బాగుంటుంది. పిల్లలకి సాగే చీజ్ కావాలంటే మోజరెల్లా తురుము తెచ్చుకోండి, ఏదైనా సరే ఫాయిల్ తీశాకే వెయ్యండి, ముందే వేస్తే సగం ఫాయిల్‌కి అంటుకుని వచ్చేస్తుంది.

అసలు మీరు చేస్తున్నది ఇంగ్లండులో ఎన్నో తరాలుగా చేస్తున్న పనే. ఆదివారం ఇంటిల్లిపాదికీ పెద్ద మాంసం ముక్క రోస్ట్ చేసేవాళ్ళు, సోమవారం మిగిలినది సన్నగా తరిగి గ్రేవీలో కలిపి, పైన ఆలుగడ్డ మెత్తగా మెదిపి పరిచి ఓవెన్‌లో పెట్టేవాళ్ళు. గొర్రె మాంసంతో అయితే షెపర్డ్స్ పై, ఆవు మాంసంతో అయితే కాటేజ్ పై అంటారు. మీ ఆదివారం మటన్‌తో ఇది కూడా చక్కగా కుదురుతుంది, అన్నం మొత్తం వాడకపోయినా మటన్ పీచులు గ్రేవీలో దగ్గరపడేదాకా ఉడికించి, బఠాణీలు, క్యారెట్ వేసి గిన్నెలో పరిచి పైన ఆలుగడ్డ. నాలుగు ఆలుగడ్డలు ఉడికించి నీళ్ళు వంపేశాక అదే గిన్నెలో సన్నమంట మీద ఒక నిమిషం తడి ఆర్పండి, తర్వాత వెన్న, కొంచెం వేడి పాలు వేసి మెదపండి. తడి ఆర్పకపోతే పైపొర జారుగా వస్తుంది. పరిచాక ఫోర్క్‌తో మీదంతా గట్లు గట్లుగా గీతలు గియ్యండి, ఆ గట్ల కొసలు ముందు ఎర్రబడతాయి, అక్కడే కరకర. 200 డిగ్రీల్లో 25 నిమిషాలు. హైదరాబాదు ఇళ్ళల్లో ఖీమా మిగలడం మామూలే కదా, ఖీమాతో అయితే ఇంకా బాగుంటుంది, ముక్కలు పీచులు చేసే పని కూడా ఉండదు.

పద్మారావునగర్_శాకాహారి

మా ఇంట్లో మాంసం లేదు, కానీ మిగిలిపోయే సమస్య అందరిదీ కాబట్టి రాస్తున్నాను, ఇక్కడ చాలామందికి పనికొస్తుంది. మా ఇంట్లో ఎక్కువగా మిగిలేవి చపాతీలు, ఏదో ఒక గ్రేవీ కూర. చపాతీలని లజానియా షీట్ల బదులు వాడతాను. అందులో కూడా అన్నిటికంటే బాగా కుదిరేది బగారా బైంగన్. పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి నూరిన గ్రేవీ కదా, అదే చిక్కటి సాసు, మైదా వైట్ సాస్ ఏదీ అక్కర్లేదు, చింతపండు పులుపు ఉంటుంది కాబట్టి బరువుగా కూడా అనిపించదు. వంకాయల తొడిమలు తీసేసి గుజ్జుని గరిటెతో మెదిపి గ్రేవీలో కలిపేస్తే చాలు.

గ్రేవీని వేడినీళ్ళు పోసి గరిటె జారుగా చేసుకుని, గిన్నె అడుగున కొంచెం పోసి, చపాతీ, గ్రేవీ, పనీర్ చిదిపి, మళ్ళీ చపాతీ, ఇలా నాలుగైదు వరసలు. చపాతీల్ని పొరలో పెట్టేముందు రెండు వైపులా గ్రేవీలో ముంచి పెట్టండి, పొడిగా పెడితే మధ్యలో తోలులా సాగుతాయి, దీని రుచంతా ఆ ముంచడంలోనే ఉంది. ఆఖరి చపాతీ మీద పనీర్ తురుము, కొంచెం నువ్వులు, నెయ్యి చుక్కలు. 180లో ఫాయిల్‌తో 20, ఫాయిల్ లేకుండా 10. నువ్వులు వేగిన వాసన రాగానే తీసెయ్యండి. కత్తితో కోస్తే పొరలు పొరలుగా ముక్కలు నిలబడతాయి, మా నాన్నగారు చపాతీ అంటేనే మొహం తిప్పేస్తారు, ఇది మాత్రం రెండోసారి అడిగి వేయించుకుంటారు. మీ ఏడెనిమిది చపాతీలకి దొండకాయ వేపుడు, కొంచెం టమాటా ముద్ద కలిపి ఇలాగే చెయ్యొచ్చు, వేపుడు పొడిగా ఉంటుంది కాబట్టి టమాటా మరీ చిక్కబడకుండా చూసుకోండి.

అమీర్‌పేట్_రూమ్‌మేట్స్

అక్కా, ఇది చదువుతుంటే నోరూరిపోతోంది. మేం నలుగురం అద్దెకి ఉంటున్నాం, ఓవెన్ లేదు, ఒక గ్యాస్ స్టౌ, పాత అల్యూమినియం కుక్కర్ ఉన్నాయి. శనివారం బిర్యానీ ఆర్డర్ పెడితే ప్రతిసారీ అన్నం మిగులుతుంది. కుక్కర్లో చెయ్యొచ్చా?

సైనిక్‌పురి_పిన్ని

చెయ్యొచ్చు నాన్నా, మేమంతా ఓవెన్లు రాకముందు కేకులు అలాగే చేశాం. కుక్కర్ రబ్బరు, విజిల్ రెండూ తీసెయ్యండి, అది మర్చిపోవద్దు. అడుగున రెండు అంగుళాలు దొడ్డుప్పు పోసి స్టాండు పెట్టి మూత పెట్టి మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడెక్కనిచ్చి, బిర్యానీ సర్దిన స్టీలు గిన్నెకి మూత పెట్టి లోపల పెట్టండి, సన్నమంట మీద 30 నుంచి 35 నిమిషాలు. నీళ్ళు లేకుండా వేడి చేస్తాం కాబట్టి పాత కుక్కర్ అయితేనే చెయ్యండి, కొత్తది పాడు చేసుకోకండి. ఇందులో కింద నుంచే వేడి కదా, పైన ఎర్రబడదు. అందుకని బ్రెడ్ పొడిని విడిగా మూకుట్లో నెయ్యి వేసి దోరగా వేపి ఉంచుకుని, దించాక పైన చల్లుకోండి.

నన్నడిగితే బిర్యానీ అన్నానికి కుక్కర్ కంటే సర్వపిండి చేసే మందపాటి గిన్నె ఇంకా మంచిది. గిన్నెకి నూనె బాగా రాసి అన్నంలో ఒక గుడ్డు గిలక్కొట్టి కలిపి అడుగునా అంచులకీ అదిమి, మూత పెట్టి సన్నమంట మీద ఇరవై నిమిషాలు వదిలెయ్యండి, మధ్యలో గిన్నెని కాస్త కాస్త తిప్పుతూ ఉండండి. బోర్లిస్తే కింద పొర ఎర్రగా, గిన్నె ఆకారంలో వస్తుంది. సలాన్ మిగిలితే వేడి చేసి పక్కన పోసుకోండి. కానీ ఉప్పల్ బాబు చెప్పింది గుర్తుంది కదా, ఆర్డర్ పెట్టిన బిర్యానీ టేబుల్ మీద అర్ధరాత్రి దాకా అలాగే వదిలేస్తే దాన్ని ఏం చేసినా తినొద్దు. తినేముందే మిగిలేది డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి.

ఇంకా భాయి, మీ పెరుగు పద్ధతి నేను నోట్ చేసుకున్నాను. పెద్దవాళ్ళకి అదే మంచిదని నాకూ అనిపిస్తోంది, పిల్లల గిన్నెకి మాత్రం నా ఓటు వైట్ సాస్‌కే, బోనాల రోజు కారం తిన్న పిల్లలకి మర్నాడు పాలసాసు హాయిగా ఉంటుంది.

కూకట్‌పల్లి_కోడలు

అయితే ఖాయం చేసేశాను. పిల్లలకి పిన్నిగారి వైట్ సాస్ గిన్నె, అత్తగారికి భాయి చెప్పిన పెరుగుది. పిండి తాడు చేసి మూత అంటించే పని అత్తగారే తీసుకున్నారు, అప్పుడే పిండి తడుపుతున్నారు. గ్రేవీలో ఎముకలు మరుగుతున్నాయి, కొవ్వు తీసి గిన్నెలో పెట్టాను. రెండూ ఒకేసారి ఓటీజీలో పట్టేలా ఉన్నాయి, ఒకదానికి 190, ఇంకోదానికి 180 చెప్పారు కదా, ఏది పెట్టాలి? ఇంకా మటన్ పీచులు, గ్రేవీ కొంచెం ఎక్కువే ఉండేలా ఉన్నాయి, వచ్చే వారానికి షెపర్డ్స్ పై చేసి ఫ్రీజర్లో పెట్టుకోవచ్చా? బేక్ చేసి పెట్టాలా, చెయ్యకుండానా?

బేగంపేట్_బేకర్

180 పెట్టండి, పిల్లల గిన్నె ఫాయిల్ తీశాక ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది అంతే. రెండు గిన్నెలు ఒకదానికొకటి తగలకుండా, గోడలకి ఆనకుండా పెట్టండి, మధ్యలో గాలి తిరగాలి, సగం సమయం అయ్యాక ముందుది వెనక్కి మార్చండి.

షెపర్డ్స్ పై బేక్ చెయ్యకుండానే ఫ్రీజర్లో పెట్టండి. కానీ ఇవాళ మరిగించిన గ్రేవీ కాబట్టి పూర్తిగా చల్లారాకే ఆలుగడ్డ పరవండి, వేడి మీద పరిస్తే ఆవిరి పట్టి పైన మంచు ముక్కలు కడతాయి. స్టీలు గిన్నె లేదా ఫాయిల్ ట్రేలో పెట్టండి, గాజు వద్దు. పైన ప్లాస్టిక్ ఫిల్మ్ ఆలుగడ్డకి ఆనేలా కప్పి, దాని మీద ఫాయిల్. వండే ముందు రోజు రాత్రి ఫ్రీజర్లోంచి కింద ఫ్రిజ్‌లోకి మార్చుకోండి, బయట పెట్టి కరిగించకండి. ప్లాస్టిక్ ఫిల్మ్ తీసేసి, ఫాయిల్ మళ్ళీ కప్పి 180లో 25 నిమిషాలు, ఫాయిల్ లేకుండా 200లో ఇంకో 15, మధ్యలో కత్తి గుచ్చి చూసుకుని తియ్యండి.